ఏబీఎస్ మాడ్యూల్ స్క్రూ పట్టేసిందా? ఊడదీసే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) లైటు ఎంతకీ ఆరదు. స్కానర్ పెడితే లోపం మాడ్యూల్ లోపలే ఉందని చూపిస్తుంది. దాన్ని విప్పి రిపేరుకి పంపితే సరిపోతుందని మీరే బానెట్ ఎత్తారు. మూడు స్క్రూలు బుద్ధిగా వచ్చేశాయి. నాలుగోదాంట్లో బిట్ పెట్టి తిప్పగానే ‘టక్’మని జారింది. తీసి చూస్తే నక్షత్రం ఆకారం ఉండాల్సిన చోట గుండ్రటి గుంట మిగిలింది.

ఆ చప్పుడు విన్నాక పని గంటల్లోకి వెళ్తుంది. వినకముందు చేయాల్సింది పావుగంట పని, ఒక రాత్రి ఓపిక. అందుకే ఇక్కడ రాసినదాంట్లో చాలా భాగం బిట్ తిప్పకముందు చేసే పనుల గురించే. మీ స్క్రూ ఇప్పటికే జారిపోయి ఉంటే ‘తల గుండయిపోతే’ అన్న చోటికి వెళ్లిపోవచ్చు. నూనె, వేడి గురించి రాసిన భాగాలు మాత్రం చదివాకే వెళ్లండి, అక్కడ కూడా వాటితో పని పడుతుంది.

అసలు అక్కడ ఏముంది

ఏబీఎస్ యూనిట్‌లో మూడు ముక్కలుంటాయి. మధ్యలో అల్యూమినియం దిమ్మ. బ్రేకు పైపులన్నీ దీంట్లోకే వస్తాయి, వాల్వులు దీని లోపలే ఉంటాయి. దిమ్మకి ఒక పక్క పంపు మోటారు, రెండో పక్క నల్లటి ప్లాస్టిక్ డబ్బా. ఆ డబ్బానే ఎలక్ట్రానిక్ మాడ్యూల్. వాల్వుల కాడలు దిమ్మ నుంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటిని నడిపించే కాయిల్స్ మాడ్యూల్‌లో ఉంటాయి. మాడ్యూల్‌ని దిమ్మకి బిగించినప్పుడు కాయిల్స్ ఆ కాడల మీద టోపీల్లా కూర్చుంటాయి.

ఇంట్లో చేసుకునేవాళ్లకి ఇది కలిసొచ్చే ఏర్పాటు. మాడ్యూల్‌ని మాత్రమే విడదీస్తే బ్రేకు ఆయిల్ ఉన్న భాగం మూసినట్టే ఉంటుంది. పైపులు విప్పక్కర్లేదు, బ్రేకు పైపుల్లోంచి గాలి తీయక్కర్లేదు. అయితే ఇలా చేయడానికి అడ్డుపడేవి ఆ నాలుగైదు చిన్న స్క్రూలే. చాలా కార్లలో ఇవి టీ20 సైజు టార్క్స్ (తలలో ఆరు మూలల నక్షత్రం గుంట ఉండే) స్క్రూలు. కొన్నిట్లో తల బయటే నక్షత్రంలా ఉండి, సాకెట్‌తో తిప్పే రకం వాడతారు. కింది వైపువి కంటికి కనబడవు, చెయ్యి కూడా సరిగ్గా పట్టదు.

ఇంత చిన్న స్క్రూ ఎందుకంత బిగుసుకుంటుందంటే, స్క్రూ ఉక్కు, దిమ్మ అల్యూమినియం. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగిలి, మధ్యలో ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. అప్పుడు పుట్టే తెల్లటి పొడి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరచుట్ల మధ్య ఆ పొడి గట్టిపడి స్క్రూని సిమెంటు పోసినట్టు పట్టేస్తుంది. స్క్రూ తల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే, ఇది మామూలుగా రాదని అప్పుడే అనుకోవచ్చు.

ఒక లెక్క ముందే తేల్చుకోండి

పని మధ్యలో చిరాకు వచ్చినప్పుడు మనం తీసుకునే నిర్ణయాలు బాగుండవు. కాబట్టి దేన్ని వదులుకోవడానికి సిద్ధమో ముందే అనుకోవాలి. నా వరస ఇది: మొదట స్క్రూ పోయినా పర్వాలేదు, కొత్తది దొరుకుతుంది. తప్పకపోతే మాడ్యూల్ ప్లాస్టిక్ అంచు కొంచెం చెక్కుకుపోయినా సర్దుకోవచ్చు. అల్యూమినియం దిమ్మకి మాత్రం గీత కూడా పడకూడదు. దాని లోపల బ్రేకు ఆయిల్ దారులున్నాయి. డ్రిల్ పొరపాటున వాటిలోకి దిగితే ఆ దిమ్మ ఇక పనికిరాదు, కారు ఉన్నచోటు నుంచి కదలదు.

ఇంకొకటి. మాడ్యూల్ మీద చెయ్యి వేసేముందు లోపం నిజంగా మాడ్యూల్‌దేనా అని ఇంకోసారి చూడండి. ఫ్యూజు, బ్యాటరీ వోల్టేజి, ఎర్త్ వైరు, చక్రం దగ్గర సెన్సర్ వైరు. వీటిలో ఏ ఒక్కటి పాడైనా మాడ్యూల్ పాడైనట్టే అనిపించే కోడ్‌లు వస్తుంటాయి.

మొదలుపెట్టే ముందు

తాళం తీసేసి కొన్ని నిమిషాలు ఆగండి. తర్వాత బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి. కారు చదునైన నేల మీద, చక్రాలకి అడ్డు పెట్టి ఉండాలి. మాడ్యూల్ కనెక్టర్‌కి సాధారణంగా ఒక లీవర్ ఉంటుంది, దాన్ని పూర్తిగా వెనక్కి లాగితే కనెక్టర్ దానంతటదే పైకి లేస్తుంది. వైర్లు పట్టుకుని లాగొద్దు. కనెక్టర్ ఊడిన వెంటనే మాడ్యూల్ వైపు పిన్నుల మీద టేపు అతికించండి. ఇది తర్వాత చేద్దాంలే అనిపిస్తుంది. అలా అనుకునే నేను ఒకసారి దెబ్బతిన్నాను, ఆ సంగతి డ్రిల్ దగ్గర చెబుతాను.

కళ్లజోడు పెట్టుకోండి. కింద ఒక పాత గుడ్డ పరవండి, జారిపడిన స్క్రూ ఇంజిన్ కిందికి దొర్లిపోతే వెతకడానికే ఒక పూట పడుతుంది. బ్రేకు ఆయిల్ రంగు మీద పడితే పెయింటు లేచిపోతుంది, చుక్క పడినా వెంటనే నీళ్లతో కడిగేయాలి.

మొదటి పని: గుంట శుభ్రం చేయడం

బిట్ జారడానికి సగం కారణం స్క్రూ తలలో పేరుకున్న మట్టి. ఏళ్ల తరబడి దుమ్ము, నూనె కలిసి గుంట అడుగున గట్టిపడి ఉంటాయి. బయటికి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. బిట్ పెడితే సగం లోతుకే దిగి ఆగిపోతుంది. ఆ పై సగం అంచుల మీదే మొత్తం బలం పడి అవి చిట్లిపోతాయి.

సన్నటి మొనదేలిన పిక్ గానీ, గట్టి సూది గానీ తీసుకుని గుంట అడుగు దాకా గీకండి. ఆరు మూలల్లోనూ విడివిడిగా తిప్పండి. పాత టూత్‌బ్రష్ కుచ్చు కత్తిరించి పొట్టిగా చేస్తే ఈ పనికి బాగా పనికొస్తుంది. చివరికి గాలి కొట్టండి. కంటికి అందని స్క్రూల కోసం చిన్న అద్దం వాడొచ్చు. నేనైతే ఫోను కెమెరా దూర్చి వీడియో తీసి, బయటికి తెచ్చి ఆపి ఆపి చూస్తాను. అడుగున లోహం మెరుపు కనబడేదాకా గీకుతూనే ఉండాలి.

సరైన బిట్

టీ20 బిట్ మొన అడ్డంగా సుమారు 3.9 మి.మీ. ఉంటుంది. టీ15 సుమారు 3.3, టీ25 సుమారు 4.5. టీ20 స్క్రూలో టీ15 కూడా దిగుతుంది, తిరుగుతుంది కూడా. అక్కడే చాలామంది మోసపోతారు. పెద్ద సైజు నుంచి మొదలుపెట్టి చిన్నదానికి రావాలి. దూరని సైజుకి ఒక మెట్టు కిందిదే మీకు కావాల్సింది. పెట్టాక చేతితో అటూ ఇటూ కదిపితే లొడలొడలాడకూడదు.

మధ్యలో బొక్క ఉన్న బిట్లు సెట్లలో చాలా ఉంటాయి, అవి పిన్ను ఉన్న సెక్యూరిటీ స్క్రూల కోసం చేసినవి. మామూలు టార్క్స్‌లో కూడా సరిపోతాయి, కానీ మధ్యలో లోహం లేదు కాబట్టి మొండి స్క్రూ మీద విరిగే అవకాశం ఎక్కువ. నిండుగా ఉన్న బిట్టే తీసుకోండి, వీలైతే కొత్తది. మొన అంచులు గుండ్రబడిన పాత బిట్‌ని ఈ పనికి అసలు వాడొద్దు.

అంతా సరిగ్గా ఉన్నా పట్టు చాలదనిపిస్తే, ఇంజిన్ వాల్వులు రుద్దడానికి వాడే గ్రైండింగ్ పేస్టు బఠాణీ గింజలో సగమంత బిట్ మొనకి రాయండి. ఇసుకలాంటి ఆ రవ్వలు రెండు లోహాల మధ్య గుచ్చుకుని జారనివ్వవు. పని అయ్యాక మాత్రం దాన్ని పూర్తిగా తుడిచేయాలి.

నూనె: కొంచెమే, ఎక్కువసేపు

ఎర్ర గొట్టం పెట్టి స్ప్రే డబ్బాతో చిందరవందరగా కొట్టడం అందరం చేసేదే. ఇక్కడ అది తప్పు. బ్రేకు వ్యవస్థలోని సీళ్లు మామూలుగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. ఆ రబ్బరు బ్రేకు ఆయిల్‌ని తట్టుకుంటుంది గానీ, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బిపోతుంది. పైగా మాడ్యూల్‌కి, దిమ్మకి మధ్య నీళ్లు చొరకుండా గాస్కెట్ ఉంటుంది. స్ప్రే మొత్తం ఆ సందులోకే కారుతుంది.

అందుకని ఒక మూతలో కొంచెం పెనిట్రేటింగ్ ఆయిల్ పోసుకుని, సూది మొనతోనో, సన్న సిరంజితోనో స్క్రూ తల అంచు చుట్టూ ఒక్క చుక్క పెట్టండి. చుక్క అంచులోకి పాకి మాయమవుతుంది. పది నిమిషాలాగి ఇంకో చుక్క. అలా మూడు నాలుగు సార్లు పెట్టి, రాత్రికి వదిలేయండి. పొద్దున మళ్లీ ఒకటి. ‘ఇప్పుడే అయిపోవాలి’ అనే తొందర ఉంటే ఈ పని ఇవాళ మొదలుపెట్టకండి.

డబ్ల్యూడీ-40 ఇంట్లో ఉందిగా అంటారు. దాని పేరులోని రెండక్షరాలు నీటిని తరిమేయడం అన్న అర్థంలోవి, 40 అంటే నలభయ్యో ప్రయత్నం. 1953లో తేమ తరిమి తుప్పు ఆపడానికే అది పుట్టింది. ఏమీ లేనిదానికన్నా నయమే. అయితే మరచుట్లలోకి పాకడానికే చేసిన పెనిట్రేటింగ్ ఆయిల్ దొరికితే అదే వాడండి. ఏసిటోన్, గేర్ ఆయిల్ కలిపి చేసుకునే మిశ్రమం గురించి కూడా వినే ఉంటారు. ఏసిటోన్ ప్లాస్టిక్‌లు కొన్నిటిని కరిగిస్తుంది, నిప్పు కూడా ఇట్టే అంటుకుంటుంది. మాడ్యూల్ పక్కన దాని పని లేదు.

చిన్న దెబ్బలు

నూనె నానుతున్నప్పుడు మధ్య మధ్యలో బిట్‌ని స్క్రూలో నిలువుగా పెట్టి, చిన్న సుత్తితో పది పదిహేను సార్లు తట్టండి. కొట్టడం కాదు, తట్టడం. గింజ పగలగొట్టేంత బలం చాలు. ప్రతి తట్టుకీ మరచుట్లలోని పొడి కొంచెం పగులుతుంది, ఆ పగుల్లోకి నూనె పాకుతుంది, బిట్ కూడా గుంటలో మరికాస్త లోతుకి కూర్చుంటుంది.

సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ మీ దగ్గర ఉంటే దాన్ని ఇక్కడికి తేవొద్దు. ఏబీఎస్ యూనిట్ రబ్బరు బుష్‌ల మీద వేలాడుతూ ఉంటుంది. మీరు వేసిన దెబ్బలో సగం ఆ రబ్బరే మింగేస్తుంది, మిగతాది లోపలి సర్క్యూట్ బోర్డుకి తగులుతుంది. కరెంటుతో నడిచే ఇంపాక్ట్ గన్ అయితే మరీ ప్రమాదం, సన్న స్క్రూని కళ్లు మూసి తెరిచేలోగా తెంపేస్తుంది.

మొదటి తిప్పు

ఇక్కడ స్క్రూడ్రైవర్ కన్నా టీ ఆకారపు హ్యాండిల్ మేలు. రెండు వేళ్లతో రెండు పక్కలా సమానంగా తిప్పొచ్చు, అరచేతితో వెనక నుంచి నెట్టొచ్చు. బిట్ స్క్రూకి తిన్నగా ఉండాలి. కొంచెం వాలినా బలం ఒక్క మూల మీదే పడుతుంది. తిప్పే బలం కన్నా నెట్టే బలం ఎక్కువ ఉండాలి. నా కొలత ఏమిటంటే, నెడుతున్న చెయ్యి వణుకుతున్నంత బలంగా నెట్టి, అప్పుడు మణికట్టు తిప్పుతాను.

ముందు విప్పే వైపు కాకుండా బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పండి. వింతగా అనిపిస్తుంది గానీ, గట్టిపడ్డ పొడిని పగలగొట్టడానికి ఏ దిశ అయినా ఒకటే. బిగించే వైపు గుంట అంచులు ఇంకా అరగలేదు కాబట్టి పట్టు బాగుంటుంది. ఆ తర్వాత విప్పే వైపు. మళ్లీ బిగించే వైపు. మెల్లగా, ఒక్కసారిగా గుంజకుండా.

చేతికి తెలిసే తేడా ఒకటుంది, దాన్ని పట్టుకోగలిగితే చాలా స్క్రూలు దక్కుతాయి. స్క్రూ కదలబోయే ముందు ‘కిర్రు’మని పొడి చప్పుడు వచ్చి ఒక్క రవ్వ విడుస్తుంది. అది మంచి కబురు. అలా కాకుండా రబ్బరు తిప్పుతున్నట్టు మెత్తగా సాగితే, కదులుతున్నది స్క్రూ కాదు, మెలితిరుగుతున్నది బిట్ గానీ స్క్రూ కాడ గానీ. వెంటనే ఆపేయండి. ఇంకో పది డిగ్రీలు తిప్పితే ఏదో ఒకటి తెగుతుంది.

స్క్రూ ఒకసారి కదిలాక సంబరపడి గిరగిరా తిప్పేయకండి. పావు చుట్టు విప్పి, అందులో సగం వెనక్కి తిప్పి, చుక్క నూనె పెట్టి మళ్లీ విప్పండి. తెల్లటి పొడి మరచుట్ల మధ్య ఇరుక్కుంటే సగం వచ్చిన స్క్రూ కూడా మళ్లీ పట్టేస్తుంది.

హ్యాండిల్‌కి చోటు లేకపోతే పావు అంగుళం రాచెట్‌లో పొట్టి బిట్ పెట్టి ఒక చేత్తో తలని అదిమి, ఇంకో చేత్తో తిప్పాలి. చాలా కార్లలో యూనిట్‌ని పట్టి ఉంచే బ్రాకెట్ నట్లు విప్పితే అది కొద్దిగా కదులుతుంది. కింది స్క్రూకి దారి దొరకడానికి అది చాలొచ్చు. అయితే ఇనుప బ్రేకు పైపులు వంగి మడత పడేంత మాత్రం లాగకూడదు. ముందుగా బ్యాటరీ ట్రే, గాలి పైపు తీసేస్తే అసలు ఈ తిప్పలే ఉండవు. ఇరవై నిమిషాల పని కదా అని బద్ధకించి, ఇరుకులో చెయ్యి పెట్టి వంకరగా తిప్పి స్క్రూ పాడు చేసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

వేడి, కానీ మంట కాదు

నూనెకీ తట్టుడుకీ లొంగకపోతే వేడి. ఒకే ఉష్ణోగ్రత పెరుగుదలకి అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. దిమ్మ వేడెక్కితే స్క్రూ చుట్టూ ఉన్న రంధ్రమే కాస్త వెడల్పవుతుంది. స్క్రూకి ఫ్యాక్టరీలో లాకింగ్ జిగురు పూసి ఉంటే అదీ మెత్తబడుతుంది.

గ్యాస్ మంట ఇక్కడ పనికిరాదు. ప్లాస్టిక్ కరుగుతుంది. బ్రేకు ఆయిల్ మండే పదార్థం. తేమ చేరిన పాత డాట్ 4 ఆయిల్ 155 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోవచ్చు. హాట్ ఎయిర్ గన్ కూడా చుట్టుపక్కల అన్నిటినీ వేడెక్కిస్తుంది. నేను వాడేది సోల్డరింగ్ ఐరన్. 60 వాట్లు, అంతకన్నా ఎక్కువదైతే మంచిది. మొన మీద చుక్క సోల్డరింగ్ సీసం కరిగించి, ఆ చుక్కతో స్క్రూ గుంటకి ఆనించి రెండు మూడు నిమిషాలు అలాగే పట్టుకోండి. కరిగిన సీసం మధ్యలో ఉంటే వేడి తొందరగా దిగుతుంది. మొన ప్లాస్టిక్‌కి తగలకుండా చూడండి, వాసన వస్తే తీసేయండి. గుంటలో సీసం మిగలకుండా తుడిచి, చల్లారనిచ్చి, ఒక చుక్క నూనె పెట్టి మళ్లీ ప్రయత్నించండి. స్క్రూ వేడికి ఉబ్బి, చల్లారి ముడుచుకునే క్రమంలోనే ఆ పొడి విడిపోతుంది. రెండు మూడు విడతలు పట్టొచ్చు.

ఇందాక అక్కడ పోసిన నూనె కూడా మండేదే. వేడి పెట్టేముందు తుడిచేయండి. బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టిన చోట అది పూర్తిగా ఆరనిదే వేడి పెట్టొద్దు. క్లోరిన్ కలిసిన రకాలు వేడికి విషవాయువు విడుస్తాయి.

తల గుండయిపోతే

గుంట అరిగిపోయినా ఇంకా దారులున్నాయి. తేలికైన దానితో మొదలుపెట్టి ఒక్కోటీ ముందుకి వెళ్లండి.

ఒక సైజు పెద్ద బిట్. టీ20 గుంట అరిగితే టీ25 బిట్‌ని సుత్తితో మెల్లగా లోపలికి దిగ్గొట్టండి. గట్టి ఉక్కు మెత్తటి తలలో తన గాడి తానే చేసుకుంటుంది. ఒక్కసారే పనిచేసే ఉపాయం ఇది. దిగ్గొట్టాక గట్టిగా నెడుతూ తిప్పాలి. బిట్‌కీ స్క్రూకీ మధ్య రబ్బరు బ్యాండు పెట్టే చిట్కా చెక్కలో దిగిన స్క్రూలకి పనిచేస్తుందేమో గానీ, తుప్పు పట్టిన వాటి మీద దాంతో సమయం వృథా.

తలని బయటనుంచి పట్టుకోవడం. తల దిమ్మ నుంచి బయటికి కనబడుతుంటే వైస్ గ్రిప్ (పట్టు లాకయ్యే ప్లయర్) గానీ, మొనలో నిలువు పళ్లుండే స్క్రూ పీకే ప్లయర్ గానీ పట్టించండి. మామూలు ప్లయర్‌కి అడ్డ పళ్లుంటాయి, అది తలని గీరేసి వదిలేస్తుంది. చాలా మాడ్యూళ్లలో తల ప్లాస్టిక్ గుంటలోకి దిగి ఉంటుంది కాబట్టి ప్లయర్ పట్టదు. అప్పుడు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గోడని పదునైన కత్తితో రెండు పక్కలా కొంచెం చెక్కితే మొనలకి చోటు దొరుకుతుంది. ఇందాకటి వరసలో ప్లాస్టిక్ రెండోది అన్నాను గదా, అది ఇలాంటప్పటికే. చెక్కేది స్క్రూ చుట్టూ ఉన్న గోడని మాత్రమే, డబ్బా మూతని కాదు.

తల ఎగరగొట్టడం. ఇది వినడానికి భయంకరంగా ఉంటుంది కానీ, అన్నిటికన్నా నమ్మకంగా పనిచేసేది నాకు ఇదే. స్క్రూ కాడ తెగాల్సిన పని లేదు, తల మాత్రం పోతే చాలు, మాడ్యూల్ పైకి వచ్చేస్తుంది. దిమ్మలో మిగిలిన కాడ బయటికి పొడుచుకుని ఉంటుంది, దాన్ని ప్లయర్‌తో పట్టుకోవచ్చు. తల బిగువు పోయాక ఆ కాడ చాలాసార్లు వేళ్లతోనే వచ్చేస్తుంది.

డ్రిల్ చేసేటప్పుడు మిగతా స్క్రూల్లో కనీసం రెండు, ఎదురెదురుగా, ఉన్నచోటే ఉండాలి. అన్నీ తీసేసి చివరిదాన్ని డ్రిల్ చేస్తే తల ఊడిన క్షణంలో మాడ్యూల్ ఒక పక్కకి ఒరిగి లోపలి వాల్వు కాడల్ని వంచుతుంది. కాబట్టి మూడు వచ్చి నాలుగోది రాకపోతే, వచ్చినవాటిలో రెండిటిని మళ్లీ చేత్తో బిగించండి.

తర్వాత రక్షణ. కనెక్టర్ మీద టేపు సరిగ్గా ఉందో లేదో చూడండి. స్క్రూ చుట్టూ చిన్న గట్టులా మెత్తటి మైనంగానీ, పిల్లలు ఆడుకునే క్లే గానీ పెట్టండి. డ్రిల్ బిట్‌కి గ్రీజు పూయండి, ఇనుప రజను ఎగరకుండా దానికే అంటుకుంటుంది. పక్కనే వాక్యూమ్ క్లీనర్ గొట్టం పట్టుకునే మనిషి ఉంటే ఇంకా మంచిది. ముందే చెబుతానన్న సంగతి ఇదే: ఒకసారి టేపు వేయకుండా డ్రిల్ చేశాను. రిపేరై వచ్చిన మాడ్యూల్ బిగించాక కూడా లైటు ఆరలేదు. రెండు రోజులు వెతికాక రెండు పిన్నుల మధ్య వెంట్రుక లాంటి లోహపు పీచు ఒకటి ఇరుక్కుని కనిపించింది.

డ్రిల్ చేసే తీరు: అరిగిన గుంట మధ్యలో సెంటర్ పంచ్ ఆనించి మెల్లగా ఒక గుర్తు వేయండి. ముందు 2.5 లేదా 3 మి.మీ. బిట్‌తో తల మందం మేరకే దించండి. తర్వాత స్క్రూ కాడ ఎంత లావో అంత లావు బిట్. ఊడిన స్క్రూ ఒకటి మీ చేతిలో ఉంటుంది కదా, దాని కాడని వెర్నియర్‌తో కొలిస్తే తెలుస్తుంది. తల మందాన్ని కూడా దాని మీదే కొలిచి, అంత లోతు దగ్గర డ్రిల్ బిట్‌కి టేపు చుట్టండి. నెమ్మదైన వేగం, గట్టి ఒత్తిడి, మధ్య మధ్యలో ఆపి రజను తీయడం. టేపు దగ్గరికి వస్తుండగా తల విడిపోయి బిట్‌తోపాటు గిర్రున తిరుగుతుంది. అక్కడితో ఆపేయండి.

ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్లు దొరికితే వాటినే వాడండి. డ్రిల్‌ని రివర్స్‌లో పెట్టి నడుపుతారు. కొన్నిసార్లు తల తెగకముందే స్క్రూ మొత్తం విప్పుకుని వచ్చేస్తుంది.

ఎక్స్‌ట్రాక్టర్ గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. స్క్రూలో చేసిన రంధ్రంలోకి ఎడమ మరతో దిగి దాన్ని పీకే పరికరం అది. ఇంత చిన్న స్క్రూల మీద నాకు దాని మీద నమ్మకం లేదు. సన్నటి ఎక్స్‌ట్రాక్టర్ బాగా గట్టిపడ్డ ఉక్కు, వంగదు, విరుగుతుంది. విరిగిన ముక్క స్క్రూలో ఉండిపోతే మామూలు డ్రిల్ బిట్ దాని మీద గీత కూడా పెట్టలేదు. గోటితో పోయేది గొడ్డలి దాకా వెళ్లేది సరిగ్గా ఇక్కడే.

మాడ్యూల్‌ని పైకి తీయడం, మిగిలిన కాడ

మొండి స్క్రూ తల పోయి, ఉంచిన మిగతా స్క్రూలు కూడా విప్పేశాక మాడ్యూల్‌ని రెండు చేతులతో తిన్నగా వెనక్కి లాగండి. మెలితిప్పొద్దు, స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తొద్దు. గాస్కెట్ అతుక్కుని ఉంటే రెండు పక్కలా మార్చి మార్చి మిల్లీమీటరు చొప్పున కదపండి. పంపు మోటారు కరెంటు పిన్నులు కొన్ని రకాల్లో దిమ్మ గుండా వచ్చి మాడ్యూల్‌లో దిగుతాయి, అవి కూడా ఇప్పుడే ఊడతాయి. దిమ్మ మీద కనిపించే వాల్వు కాడల్నిగానీ, మోటారు స్క్రూలనిగానీ ముట్టుకోవద్దు. దిమ్మ ముఖాన్ని శుభ్రమైన గుడ్డతో కప్పేయండి.

కాడ బయటికి ఉంటే ఒక రాత్రి నూనెలో నాననిచ్చి వైస్ గ్రిప్‌తో తిప్పండి. దిమ్మతో సమానంగా తెగిపోయి ఉంటే అప్పుడు ఆలోచించాలి. మిగతా స్క్రూలన్నీ బాగున్నా ఒక స్క్రూ లేకుండా వదిలేయడం సరికాదు, ఆ మూల నుంచి నీళ్లు లోపలికి చేరతాయి. కాడని సరిగ్గా మధ్యలో డ్రిల్ చేసి మరచుట్లు మళ్లీ కోయించడం, లేదా థ్రెడ్ ఇన్సర్ట్ (రంధ్రంలో దించే కొత్త మరచుట్ల గొట్టం) వేయించడం దారి. దీన్ని చేతి డ్రిల్‌తో బానెట్ కింద వంగి చేయాలనుకోవద్దు. లోతు తప్పితే పోయేది దిమ్మ. ఇక్కడ నేనైతే మెషిన్ షాపు మనిషిని పిలుస్తాను. యూనిట్ మొత్తం దింపాల్సి వస్తే పైపులు విప్పాలి, తర్వాత బ్రేకుల గాలి తీయాలి. చాలా కార్లలో అందుకు ఏబీఎస్ పంపుని నడిపించగల స్కానర్ కూడా కావాలి.

చక్రం దగ్గరి సెన్సర్

ఏబీఎస్ పనిలో రెండో మొండిఘటం ఇది. సెన్సర్‌ని పట్టి ఉంచేది ఒకే ఒక్క స్క్రూ, చాలావరకు ఎం6 (6 మి.మీ. మర). స్క్రూ కష్టపడి వచ్చినా సెన్సర్ శరీరం తుప్పుతో రంధ్రంలో బిగుసుకుపోయి ఉంటుంది. వైరు పట్టి లాగితే అది చేతికొస్తుంది, మొన లోపల ఉండిపోతుంది. నూనె పెట్టి, సెన్సర్ చెవిని పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ మెల్లగా విడిపించాలి. మారుస్తున్నది పాత సెన్సరే అయితే విరిగినా బాధ లేదు. మొనని వెనక నుంచి తోయొచ్చు, దానికోసం డిస్కు తీయాల్సి రావచ్చు. నూనె డిస్కు మీదా ప్యాడ్‌ల మీదా పడకుండా కవర్ చుట్టండి, నూనె తాగిన ప్యాడ్ మళ్లీ పనికిరాదు.

డిస్కుని పట్టి ఉంచే ఫిలిప్స్ తల స్క్రూలకి మాత్రం సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ అద్భుతంగా పనిచేస్తుంది. అక్కడ హబ్ గట్టిగా ఉంటుంది, దెబ్బ మొత్తం స్క్రూకే చేరుతుంది. జపాన్ కార్లలో అవి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం గుంటలు కావచ్చు, అలాంటప్పుడు ఆ రకం బిట్ వాడితే జారదు. ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేకు ఉన్న కార్లలో వెనక క్యాలిపర్ మీది మోటారు స్క్రూలు విప్పేముందు స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టడం మర్చిపోవద్దు.

తిరిగి బిగించడం

పాత స్క్రూలు మళ్లీ వాడకండి, ఒకసారి మొండికేసినవి రెండోసారి ఇంకా మొండికేస్తాయి. అదే పొడవు, అదే మర, అదే తల ఉన్న కొత్తవి తెచ్చుకోండి. పొడవు రెండు మి.మీ. ఎక్కువైనా రంధ్రం అడుగున గుద్దుకుంటుంది. రంధ్రాల్లోని తెల్ల పొడిని సన్న బ్రష్‌తో తీసి గాలి కొట్టండి, కొట్టేటప్పుడు వాల్వుల వైపు గుడ్డ కప్పి ఉంచండి. టార్చి వేసి కాయిల్ రంధ్రాలన్నీ ఒక్కొక్కటీ చూడండి, కాయిల్ దగ్గర ఇనుప రజను మిగలకూడదు.

మాడ్యూల్ కూర్చున్నాక ముందు అన్ని స్క్రూలూ చేత్తో రెండేసి చుట్లు పట్టించండి. తర్వాత ఎదురెదురు మూలలు మార్చి మార్చి బిగించండి. బిగువు సాధారణంగా రెండు మూడు న్యూటన్ మీటర్లే ఉంటుంది. మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకె చూసి, చిన్న టార్క్ డ్రైవర్‌తో బిగించండి. చెయ్యి అలవాటు మీద బిగిస్తే ప్లాస్టిక్ చెవి పగులుతుంది.

బ్యాటరీ తగిలించి తాళం తిప్పితే ఏబీఎస్ లైటు వెలిగి కొన్ని సెకన్లకి ఆరాలి. కొన్ని కార్లలో బండి కొంత వేగం అందుకున్నాకే ఆరుతుంది. వేరే కారు నుంచి తెచ్చిన మాడ్యూల్ అయితే కోడింగ్ అవసరం పడొచ్చు. కదిలే ముందు పెడల్ నొక్కి పట్టుకోండి, మెల్లగా కిందికి దిగకూడదు. దిమ్మ చుట్టూ తడి లేదని చూసుకుని, మనుషులు లేని ఖాళీ చోట గంటకి ఇరవై కిలోమీటర్ల వేగంలో రెండు మూడు సార్లు బ్రేకు వేయండి. ఏబీఎస్ లైటుతోపాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలుగుతుంటే నడపొద్దు. ముందు వెనక చక్రాల మధ్య బ్రేకు బలం పంచే పని కూడా ఆగిపోయి ఉండొచ్చు, అప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలు ముందే లాకైపోతాయి.

లైటు ఆరకపోతే మళ్లీ మాడ్యూల్ విప్పకముందు కనెక్టర్ లీవర్ చివరిదాకా వెళ్లి క్లిక్‌మందో లేదో చూడండి. ఇరుకులో అది చాలాసార్లు సగంలోనే ఆగిపోతుంది.